స్థౌల్యచికిత్సలో రెండవ శస్త్రము

శరీరపు బరువును దగ్గించుటకై జీర్ణాశయమునకును ప్రేగులకును శస్త్రచికిత్స చేయుట యీ కాలమున మన పట్టణములలో వింత గాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో నీ చికిత్స చేయు వైద్యులు గలరు. దానిని జేయించుకొని, మధుమేహము శమించి, మోకాళ్ల నొప్పులు తగ్గి, సుఖముగా నిద్రించుచున్నవారు పెక్కుమంది. వారి విషయమును నేడు నేను ప్రస్తావింపను. చికిత్స జరిగిన నెలలకో యేండ్లకో యొక బాధ పుట్టి, మఱల వైద్యుని యొద్దకు బోవుదమా, పోయిన నేమనునో, మఱల కత్తి పట్టవలెనని చెప్పునేమో యని లోలోపల గుందుచున్నవారు కొందఱు గలరు. వారిని గూర్చియు, వారికి జేయు రెండవ శస్త్రమును గూర్చియు నేటి ప్రసంగము. నేను వైద్యుడను గాను, బడిపంతులను. అయినను దెలిసినవారు చెప్పిన శాస్త్రమును దెలియనివారికి దెలియు మాటలలో నందిచ్చుటయే పంతులకు వృత్తి గనుక దీనికి బూనుకొంటిని.

స్థౌల్యము క్రొత్త వ్యాధి గాదు. చరకసంహిత సూత్రస్థానమున నిరువదియొకటవ యధ్యాయము దీనికే కేటాయింపబడినది. అందు లోకముచే నిందింపబడు నెనమండ్రుగుర శరీరములు చెప్పబడినవి. వారిలో మిక్కిలి స్థూలుడును మిక్కిలి కృశుడును విశేషముగా జర్చింపబడిరి. ఈ యిరువురిలో గృశుడే మేలనియు, స్థూలునకు జికిత్స చేయుట కష్టతరమనియు నాచార్యుని తీర్పు. కారణ మేమనగా, ఆకలి దీర్చునది కొవ్వును బెంచును. కొవ్వును దఱుగజేయునది యాకలిని దీర్పదు. నేటి శాస్త్రజ్ఞులు నీ మాటనే మఱియొక రీతి జెప్పుచున్నారు. మనుష్యుడు తిండి మాని బరువు తగ్గినప్పుడు శరీర మది కఱవని తలంచి, యాకలి పుట్టించు రసములను హెచ్చించి, ఖర్చు తగ్గించి, పోయిన బరువును మఱల గూర్చుకొనుటకు యత్నించును. కావున స్థూలుని సోమరియనియు, దిండిపోతనియు నిందించుట శాస్త్రసమ్మతము గాదు. ఈ సంగతి చెవిని బెట్టుకొనుడు. ముందు మఱల దీనితో బని గలదు.

ఎవరికి శస్త్రము చేయవచ్చునను దానికి వైద్యు లొక లెక్క యేర్పఱచిరి. బరువును కిలోగ్రాములలో దీసికొని, యెత్తును మీటర్లలో దీసికొని, యెత్తును యెత్తుచే హెచ్చవేసి, యా ఫలముచే బరువును భాగింపవలెను. 165 సెంటీమీటర్ల యెత్తు, 110 కిలోల బరువు గలవానికి లెక్క 40 దాటును. 1991లో నమెరికాలోని జాతీయారోగ్య సంస్థల వారు సమావేశమై, యీ లెక్క 40 దాటినవారికిని, లేక 35 దాటి తోడుగా దీవ్రవ్యాధులు గలవారికిని శస్త్రము తగునని నిర్ణయించిరి. 2022లో శస్త్రవైద్య సంఘములవారు దానిని సవరించి, 35 దాటిన వ్యాధులు లేకున్నను దగుననియు, 30 దాటి మధుమేహాదులున్నవారి విషయము నాలోచింపవచ్చుననియు జెప్పిరి. మన యాసియావాసులకు దక్కువ బరువుననే యుదరమున గొవ్వు చేరి మధుమేహము వచ్చును గనుక మనకు 27.5 మొదలుకొనియే యాలోచింపవచ్చునని యా నిర్ణయమున గలదు.

ఇక నీ శస్త్రముల చరిత్రను జూతము. రెండవ శస్త్రము మొదటి శస్త్రముతో గూడ బుట్టిన దన్న నతిశయోక్తి గాదు. 1954లో నమెరికాలోని మిన్నెసోటా వైద్యులు క్రెమెన్, లిన్నరు మొదలగువారు చిన్నప్రేగులో నధికభాగమును ద్రోవ దప్పించి, యన్నము కొలది దూరము మాత్రమే ప్రయాణించునట్లు చేయు పద్ధతిని బ్రకటించిరి. పిమ్మట 1963లో పేన్, డివిండ్ అను వైద్యులు చిన్నప్రేగు మొదటిభాగమును నేరుగా బెద్దప్రేగునకే కలిపి చూచిరి. బరువు తగ్గినది, కాని దానితో గూడ నెడతెగని విరేచనములు, లవణనష్టము, కాలేయక్షయము దాపురించెను. ఆ ప్రేగులను మఱల యథాస్థానమున జేర్పవలసి వచ్చెను. అటుపై నించుక మార్చి చేసిన ప్రేగుల శస్త్రములందును మూత్రపిండములలో ఱాళ్లు, కీళ్లనొప్పులు, కాలేయరోగము గనబడినవి. ఎందఱికో శస్త్రమును దిరుగగొట్టిరి. ఆ పద్ధతులు నేడు లేవు. అన్నము నొంటబట్టకుండ జేయుట సులభమే; ప్రాణమునకు గావలసినది మాత్ర మొంటబట్టునట్లు చేయుటయే దుర్ఘటమను పాఠము వైద్యలోకమున కప్పుడు లభించెను.

రెండవ మార్గము జీర్ణాశయమును గుఱించినది. 1881లో వియన్నా నగరమున బిల్‌రోత్ అను పండితుడు జీర్ణాశయపు గ్రంథిని గోసి తొలగించి రోగిని బ్రతికించెను. నాటినుండి పుండ్లకై జీర్ణాశయమును గోయుట పెరిగినది. అట్లు కోయబడినవారు మఱల బరువెక్కుట లేదని గమనించిన అయోవా విశ్వవిద్యాలయపు వైద్యుడు ఎడ్వర్డు మేసన్, 1966లో జీర్ణాశయమున బైభాగమును జిన్నసంచిగా వేఱుచేసి ప్రేగునకు గలుపు పద్ధతిని నారంభించెను. దీనిని గ్యాస్ట్రిక్ బైపాస్ అందురు. 1977లో గ్రిఫెన్ అను వైద్యుడు ప్రేగును ఆంగ్లాక్షరమైన వై వలె గలుపు మార్పును జేర్చెను. స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు రూ అను నతని పేర నా కూర్పు ప్రసిద్ధము. పైత్యరసము చిన్నసంచిలోనికి జిమ్మకుండుట దీని ప్రయోజనము. జీర్ణాశయపు మెడకు ఱబ్బరువంటి పట్టీ బిగించు పద్ధతి 1990 తరువాతి యేండ్లలో మిక్కిలి వ్యాపించి, నేడు చాలవఱకు దగ్గిపోయినది. ఇప్పు డెక్కువగా జేయునది స్లీవ్ అను పద్ధతి: జీర్ణాశయములో నాలుగింట మూడువంతులకు బైగా గోసి తీసివేసి, మిగిలిన దానిని జొక్కాచేతివలె సన్నని గొట్టముగా నిలుపుదురు. ఇందు బ్రేగులను ముట్టరు. కాని తీసిన భాగమును మఱల నతికింప వీలులేదు. బైపాసును గొంతవఱకు దిరుగగొట్టవచ్చును. స్లీవును దిరుగగొట్టుట యసాధ్యము, వేఱొక రూపమునకు మార్చుట మాత్రమే సాధ్యము.

ఈ చికిత్సల వలన మేలు లేదని యెవరును భ్రమపడరాదు. స్వీడను దేశమున 1987లో నారంభించిన గొప్ప పరిశీలన యొకటి గలదు. రమారమి రెండువేల మందికి శస్త్రము చేసి, రమారమి యంతమందిని శస్త్రము లేకుండ జూచుచు వచ్చిరి. 2007లో బ్రకటించిన ఫలితముల ప్రకారము శస్త్రము చేయించుకొన్నవారిలో మరణములు తక్కువ. అదే పరిశీలనమునుండి 2019లో మఱియొక లెక్క వెలువడినది. ఇరువదియాఱేండ్ల వఱకు జూడగా, పట్టీ బిగించినవారిలో నూటికి 40.7 మందికిని, జీర్ణాశయమును నిలువున గుట్టి పట్టీ వేసినవారిలో 28.3 మందికిని, బైపాసు చేయించుకొన్నవారిలో 7.5 మందికిని రెండవ శస్త్రము చేయవలసి వచ్చెను. ఈ రెండు లెక్కలను గలిపి చదువవలెను. మొదటిది మాత్రము చదివినవాడు మోసపోవును. రెండవది మాత్రము చదివినవాడు భయపడును.

రెండవ శస్త్రమునకు గారణములు రెండు తెఱగులు. ఒకటి శరీరమున గలిగిన చిక్కు: కుట్టు విప్పుకొనుట, దారి యిఱుకగుట, పుండు, ప్రేగు మెలిక, పోషకలోపము మున్నగునవి. రెండవది, బరువు చాలినంత తగ్గకుండుట గాని, తగ్గిన బరువు మఱల వచ్చుట గాని. ఈ రెంటిని వేఱు వేఱుగా దలంపవలెను. మొదటిదానిలో గొన్ని ప్రాణమునకు సంబంధించినవి, జాగు సహింపనివి. రెండవదానిలో దొందర పనికిరాదు.

మొదటి తెఱగులో నొక్కొక్క పద్ధతికి నొక్కొక్క చిక్కు ప్రత్యేకము. పట్టీ వేయించుకొన్నవారికి నా పట్టీ జాఱి జీర్ణాశయమును నొక్కవచ్చును, లేక క్రమముగా గోడను దొలిచికొని లోనికి బోవచ్చును, అన్నవాహిక యుబ్బవచ్చును. అప్పుడు పట్టీని దీసివేయుదురు. వాచిన గోడ చల్లారిన పిదప, కొన్ని నెలల కవతల, వేఱొక శస్త్రమును జేయుదురు. ఒక్కమాఱే రెండును జేయుటయు గలదు. స్లీవు చేయించుకొన్నవారికి మొదటి దినములలో గుట్ల పైకొనయందు, అన్నవాహిక కలియు తావున గారుట భయంకరమైన చిక్కు. జ్వరము, నాడి వడిగా గొట్టుకొనుట, ఎడమభుజమున నొప్పి, ఆయాసము దీని గుఱుతులు. వెలుపలి చీమును దీయుట, లోపల గొట్టముంచుట మొదలగు నుపాయములచే బెక్కింటిని మాన్పుదురు. మాననివానికి మఱల శస్త్రము. ఆలస్యముగా గనబడు చిక్కు లిఱుకును, పుల్లని త్రేపులును. గొట్టపు మధ్య వంపు కడ నిఱుకైనచో ఎండోస్కోపు ద్వారా బుడగను బంపి వెడల్పు చేయుదురు. పుల్లని త్రేపులు, ఱొమ్ముమంట మందులకు లొంగక యన్నవాహికను గాయపఱచుచున్నచో స్లీవును బైపాసుగా మార్చుట నేటి మార్గము. స్లీవు లోపల నొత్తిడి యెక్కువ, బైపాసు చిన్నసంచిలో దక్కువ యగుటయే యందులకు హేతువు.

బైపాసు చేయించుకొన్నవారికి గలుపు తావున బుండు పడవచ్చును. దానికి ముఖ్యకారణములు పొగత్రాగుటయు, నొప్పి మాత్రలును. తలనొప్పి యనియు, నడుము నొప్పి యనియు మందుల కొట్లలో నడుగకయే కొని మ్రింగు మాత్రలలో బెక్కు లీ పుండునకు నిప్పుమీది నేయివంటివి. చుట్ట, బీడీ, సిగరెట్టు మానని వానికి మందెంత యిచ్చినను బుండు మానదు. కోసి మఱల గుట్టినను మఱల బుండు పడును. ఒక్కొక్కప్పుడు వేఱుచేసిన రెండు సంచులకు నడుమ రంధ్రమేర్పడి యన్నము పాతదారిని బోవుటయు గలదు. ఒకే కలుపుతో జేయు చిన్నబైపాసు మన దేశమున విరివిగా జేయబడుచున్నది. దానియందు బైత్యరసము సంచిలోనికి జిమ్ముటయు, త్రోవ దప్పించిన ప్రేగు మిక్కిలి పొడవైనచో మాంసకృత్తులు చాలక కాళ్లు వాచుటయు గాననగును. అట్టివారికి బ్రేగు కూర్పును మార్చి త్రోవ దప్పిన భాగమును గుఱుచ చేయుదురు. అవసరమైన మొదటి స్థితికే తెత్తురు. ప్రేగు పొడవు మనుష్యుని బట్టి మాఱును గనుక రెండవమాఱు చేయునప్పుడు మొత్తము ప్రేగును గొలుచుట వివేకము.

ఇందొక చిక్కును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. బైపాసున బ్రేగును ద్రెంచి పైకి దెచ్చి కలుపునప్పుడు ప్రేగుల నంటియుండు పొరలో సందులేర్పడును. అట్టి సందులలో నొకదానిని 1900 ప్రాంతమున జర్మను వైద్యుడు పీటర్సన్ వర్ణించెను. నేటికి నది యాతని పేరనే పిలువబడుచున్నది. మొదటి శస్త్రమున నా సందులను గుట్టివేయుదురు. కాని బరువు తగ్గినకొలది లోని కొవ్వు కరిగి, సందులు మఱల వదులగును. ప్రేగు వానిలో దూఱి మెలిపడును. నొప్పి వచ్చును, పోవును. అన్నము తిన్న వెంటనే వచ్చును. వాంతి లేకయు నుండవచ్చును. దానిని వాయువనియు, నజీర్ణమనియు దలంచి వాము నమలుచు గూర్చుండుట కద్దు. మెలిక బిగిసినచో నెత్తురు పాఱక ప్రేగు గొన్ని గంటలలో జచ్చును. సి.టి. స్కాన్ చిత్రము గూడ నొక్కొక్కప్పుడు నిర్దోషముగా గనబడును. అందువలన బైపాసు చేయించుకొన్నవానికి దీవ్రమైన కడుపునొప్పి వచ్చి కారణము దోపనిచో, లోపల గెమెరా పెట్టి చూచుటయే శాస్త్రసమ్మతము. గర్భిణులలో నీ ప్రమాద మధికము, గుర్తించుట కష్టము. నొప్పిని గర్భసహజ మని కొట్టివేయరాదు. శస్త్రము జరిగి పదేండ్లైనను సరే, “నాకు బైపాసు జరిగినది” యను నొక్కమాట మొదట జెప్పిన రోగి తన ప్రాణమునకు దానే కాపు.

మఱియొక ముప్పు కత్తితో బని లేనిది, కాని కత్తికన్న వాడియైనది. దానికి మన తెలుగుదేశముతో బాతసంబంధము గలదు. 1835లో మదరాసులో మాల్కంసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి గ్రంథమును బ్రకటించెను. ఉత్తర సర్కారులలో నా వ్యాధి ప్రబలియుండుట యందు వర్ణితము. కాళ్లు తిమ్మిరులెక్కి, వాచి, నడక తప్పి, గుండె నీరసించి మనుష్యులు మరణించెడివారు. తవుడు పోయిన తెల్లని బియ్యముతో దీనికి సంబంధమున్నదని పిమ్మట జావా ద్వీపమున ఐక్‌మన్ కనిపెట్టెను. తవుటిలో గల యా ద్రవ్యమే నేడు థయమిన్, అనగా బి1 విటమిను. శరీరమున దీని నిలువ రెండు మూడు వారములకు మించి యుండదు. శస్త్రమైన పిదప నెడతెగక వాంతులైనవాని కీ నిలువ యడుగంటును. అప్పుడు కన్నులు గుంటకనినట్లు కదలును, వస్తువులు రెండుగా దోచును, నడక తూలును, మతి తప్పును. ఈ మెదడు వ్యాధిని 1881లో వెర్నికి పండితుడు మొదట వర్ణించెను. అతడు చూచిన మువ్వురిలో నొకతె గంధకామ్లము మ్రింగి జీర్ణాశయపు ద్వారము మూసికొనిపోయి వాంతులతో గృశించిన కుట్టుపనికత్తె. మద్యపాయుల కొక్కరికే వచ్చునది గాదని నాడే తేటపడినది.

మా తమ్ముని కోడలికి స్లీవు జరిగిన మూడవ వారము మొదలు వాంతులు పట్టుకొనెను. గ్రుక్కెడు నీరు నిలువదయ్యెను. ఇంటివారు “కడుపు చిన్నది చేసిరి గదా, యలవాటు పడువఱకు నిట్లే యుండు”ననిరి. ఇరుగుపొరుగువారు “బరువు తగ్గుచున్నది, మంచిదే” యనిరి. ఆమె నోరెత్తలేదు. ఇంత ధనము వ్యయపెట్టించి యిప్పుడు మూల్గుచున్న దందురేమో యని యామె భయము. అయిదవ వారమున గుమ్మము దాటబోయి తూలి పడినది. ఎదుట నిద్దఱు మామగార్లు కనబడుచున్నారన్నది. అప్పుడు కదలిరి. ఆస్పత్రిలోని చిన్నవైద్యురాలు, బిడ్డవంటిది, వాంతుల దినములను వ్రేళ్లపై లెక్కించి, గ్లూకోజు సీసా ఎక్కింపబోవు నర్సును వారించి, ముందు థయమిన్ సూది నరమున నెక్కించినది. థయమిన్ లేనివానికి గ్లూకోజు మాత్రమే యెక్కించిన నున్న కొలదియు ఖర్చై వ్యాధి ముదురును. చూపు రెండు దినములలో గుదుటబడెను. గొట్టపు నడుమ నిఱుకును బుడగతో వెడల్పు చేసిరి. నడక సరియగుటకు నాలుగు నెలలు పట్టినది. ఎడమపాదమున దిమ్మిరి నేటికిని బోలేదు. ఆ తిమ్మిరి వాంతుల వలన వచ్చినది గాదు, అయిదు వారముల మౌనమువలన వచ్చినది. అందుచే జెప్పుచున్నాను: శస్త్రానంతరమున గొన్ని దినములకు మించి వాంతులు నిలువనిచో నది సహజము గాదు. వైద్యుని యొద్దకు బోవుడు. థయమిన్ ఇచ్చితిరా యని యడుగుడు.

తక్కిన పోషకములును నిట్లే. ఇనుము, బి12, కాల్షియము, డి విటమిను, ఫోలిక్ ఆమ్లము, బైపాసు పిమ్మట నొంటబట్టుట తక్కువ. ఇనుమును కాల్షియమును బ్రేగు మొదటిభాగమే ముఖ్యముగా గ్రహించును. అన్న మా దారిని బోదు గదా. ఫోలిక్ ఆమ్లమన్నప్పుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తీరదు. అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున నాయన నాయకత్వమున 1945లో నా ద్రవ్యము కృత్రిమముగా దయారైనది. ప్రేగు ద్రవ్యములను గ్రహింపలేని స్ప్రూ వ్యాధి యాయన కుటుంబమును బాధించినదే. తిన్నది కడుపున బడుటయు, ఒంటబట్టుటయు రెండు వేఱు సంగతులని యా వ్యాధి చాటును. ఈ శస్త్రములును జాటుచున్నవి. కావున మాత్రలు జీవితాంతము. నెత్తురు పరీక్ష యేటేట. బరువు తగ్గినది గదా యని రెండవయేట మాత్రలు మానినవారే యైదవయేట నీరసముతో వత్తురు. స్త్రీలు శస్త్రమైన పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలవఱకు గర్భమును వాయిదా వేసికొనుట మంచిదని వైద్యులు చెప్పుదురు.

ఇప్పుడు రెండవ శస్త్ర మెందుకు గష్టమో విందము. సుశ్రుతాచార్యుడు చిల్లుపడిన ప్రేగును నల్లచీమలచే గఱపించి, వాని తలలను మాత్రము నిలిపి, ప్రేగును లోపల బెట్టి కుట్టుమని చెప్పెను. నేటి స్టేప్లరు యంత్రముల లోహపు కుట్లను జూచిన నా చీమలే జ్ఞప్తికి వచ్చును. 1908లో బుడాపెస్టు నగరమున హుల్టెల్ అను వైద్యుడు మొదటి యంత్రమును వాడెను. కుట్టు యేదైనను, కుట్టినచోట శరీరము మచ్చ కట్టును. కాలేయము జీర్ణాశయమున కంటుకొనును, ప్రేగు ప్రేగున కంటుకొనును. మొదటిమాఱు స్పష్టముగా గనబడిన హద్దులు రెండవమాఱు చెఱిగిపోయి యుండును. మచ్చపడిన గోడ దళసరి. నెత్తురు పాఱుదల తక్కువ. క్రొత్త కుట్టు పాతకుట్టుమీద బడిన నడుమ నెత్తురు లేని తునుక మిగిలి చచ్చును. అందుచే గారుట, చీము పట్టుట మొదటి శస్త్రములో కన్న రెండవదానిలో నెక్కువ. ఈ పనిని దఱుచుగా జేయు చేతులే చేయవలెను.

చేయుటకు ముందు జేయవలసినది చేసినదానికన్న నెక్కువ. మొదట నేమి చేసిరో తెలియవలెను. పాత ఆస్పత్రి కాగితములు గావలెను. పిదప ఎండోస్కోపుతో లోని గోడను జూతురు, రంగుద్రవము త్రాగించి క్ష-కిరణ చిత్రమున దారిని జూతురు, సి.టి. స్కాన్‌తో ప్రేగుల స్థితిని జూతురు. నెత్తురున మాంసకృత్తులు, విటమినులు కొలుతురు. కృశించినవానికి ముందు పోషణ మిచ్చి, కొన్ని వారములు బలము చేకూర్చి, యటుపిమ్మట శస్త్రము చేయుదురు. మంటలో నున్న యింటికి సున్నము వేయరాదన్నట్లు, వాపులోను జీములోను నూత్ననిర్మాణము చేయరు. ప్రాణాపాయమైన మెలిక, కారుడు మాత్రము దీనికి మినహాయింపు.

ఇక రెండవ తెఱగు, మఱల వచ్చిన బరువు. ఇక్కడ మొదట జెప్పిన చరకుని మాట జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తగ్గిన బరువులో గొంత మఱల వచ్చుట సర్వసాధారణము, అది శరీరధర్మము. అయినను మన సంఘము మధుమేహి కిన్సులిను పెంచినప్పుడు వానిని దోషిగా జూడదు. రక్తపు పోటునకు రెండవ మాత్ర చేర్చినప్పుడు “మొదటి మాత్రను వ్యర్థము చేసితివి” యనదు. స్థూలుని మాత్రము “ఇంత చేయించుకొనియు మఱల లావైతివి” అని బంధువుల పెండ్లిలో బదుగురి యెదుట నడుగును. ఆ మాటకు వెఱచి యెందఱో వైద్యుని దర్శనమే మానుదురు. బరువు మాట యటుండగా, దానితో బాటు చూడవలసిన నెత్తురు పరీక్షయు, జూపవలసిన నొప్పియు మఱుగునబడును. సిగ్గు గూడ నొక యుపద్రవమే. వైద్యగ్రంథములలో దానికి పేరు లేదు గాని ప్రాణములను దీయగలదు.

బరువు వచ్చినంతమాత్రమున మఱల కోయుమనుటయు దగదు. సంచి వెడల్పైనదా, రంధ్ర మేర్పడినదా, లేక నిర్మాణము సరిగానుండి యాహార మద్యపానాదులును, మనోవ్యథయు, వేఱొక వ్యాధికై వాడు మందులును గారణమా యని ముందు విచారింపవలెను. నిర్మాణదోషము లేనిచోట గత్తికి బని లేదు. ఇప్పుడు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అను సూదిమందులు వచ్చినవి. 2021లో మొదటిదానికిని, 2023లో రెండవదానికిని స్థౌల్యచికిత్సకై యమెరికాలో ననుమతి లభించినది. శస్త్రమైన పిదప మఱల బరువెక్కినవారికి నివి వాడుకలో నున్నవి. అవియు వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినవే, వెలగలవే, మానినచో బరువు మఱల వచ్చుట గలదు. అయినను నొక్కమాఱు సూదితో జూచిన పిదప గత్తిని దలంచుట న్యాయము.

మొదటి శస్త్రమునకు సిద్ధపడుచున్నవా రెవరైన వినుచున్నచో వారికి నాలుగు మాటలు. నాకు జేయబోవు పద్ధతి యేది, తక్కినవి కాక యిదియే యెందుకని యడుగుడు. నాకు పుల్లని త్రేపులున్నవి, స్లీవు దగునా యని యడుగుడు. చిక్కు వచ్చిన నర్ధరాత్రి యెవరిని బిలువవలెనో పేరును, సంఖ్యను వ్రాయించుకొనుడు. రెండవ శస్త్రమునకు గాగల వ్యయమును, బీమా దానిని భరించునో లేదో ముందే తెలిసికొనుడు. ఈ ప్రశ్నలకు విసుగుకొనని వైద్యుడు మంచివైద్యుడు.

శస్త్రము జరిగినవారికి: మీ శస్త్రపత్రమును, అనగా ప్రేగు నెంత పొడవున ద్రోవ దప్పించిరో వ్రాసిన కాగితమును, భూమిపత్రమును దాచినట్లు దాచుడు, ప్రతినొకదానిని దగ్గఱ నుంచుకొనుడు. పొగ మానుడు. నొప్పిమాత్రల నడుగకుండ మ్రింగకుడు. వాంతులు, జ్వరము, నల్లని విరేచనము, ఆగియాగి వచ్చు కడుపునొప్పి, కాళ్లవాపు, చూపు చెదరుట, వీనిలో నే యొక్కటి కనబడినను రేపు చూతమనకుడు. మొదట జేసిన వైద్యునియొద్దకు బోవుట కిష్టము లేనిచో మఱియొకని యొద్దకు బొండు; పోకుండుట మాత్రము వలదు.

ఇంటివారికి: లావుగానున్నప్పుడు మీరాడిన మాటలు చాలును. చిక్కినప్పుడైన నూరకుండుడు. చిక్కిపోవుచున్నవాడు సుఖముగా జిక్కుచున్నాడా, బాధతో జిక్కుచున్నాడా యని దినమున కొకసారి యడుగుడు. రెండవ శస్త్రము వచ్చినచో నది మొదటిదాని యోటమి గాదు. పాతయింటికి మరమ్మతు చేయించువానిని లోకము నవ్వదు. దేహమను నింటికి మరమ్మతు చేయించుకొనువానిని నవ్వ నేల? వైద్యుడు చెప్పినది వినుటకన్న, రోగి చెప్పబోవునది యింటివారు వినుటయే యీ చికిత్సలో మొదటి యౌషధమని మనవి చేయుచు సెలవు దీసికొనుచున్నాను.